ఉపగ్రహ చిత్రాలతో కొల్లేరు మార్పును కొలవడం ఎలా?

ఒక ప్రాంతంలో నేల ఏళ్ల తరబడి ఎలా మారుతూ వచ్చిందో తెలుసుకోవాలంటే ఒకప్పుడు సర్వే పటాలు, రెవెన్యూ రికార్డులు, పెద్దల జ్ఞాపకాలే ఆధారం. 1972 జూలైలో అమెరికా ప్రయోగించిన మొదటి ల్యాండ్‌శాట్ ఉపగ్రహంతో ఆ పరిస్థితి మారింది. ఆ వరుసలోని ఉపగ్రహాలు నాటి నుంచి భూమిని చిత్రిస్తూనే ఉన్నాయి, 2008 నుంచి ఆ చిత్రాలన్నీ ఎవరికైనా ఉచితంగా అందుతున్నాయి. ఇంటర్నెట్ ఉన్న ఒక మామూలు కంప్యూటర్‌తో డిగ్రీ విద్యార్థి కూడా తన మండలపు నలభై ఏళ్ల చరిత్రను పరిశీలించవచ్చు. అయితే చిత్రాలు దొరకడం వేరు, వాటి నుంచి నిజాన్ని రాబట్టడం వేరు. ఆ తేడా ఎక్కడ వస్తుందో, దాన్ని ఎలా దాటాలో కొల్లేరు సరస్సును ఉదాహరణగా తీసుకుని ఈ వ్యాసంలో వివరిస్తాను.

కొల్లేరును ఎంచుకోవడానికి బలమైన కారణమే ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లతో పాటు పదుల సంఖ్యలో కాలువలు, డ్రెయిన్లు వచ్చి కలుస్తాయి. ఇక్కడి నీరు ఉప్పుటేరు గుండా బంగాళాఖాతానికి చేరుతుంది. 1980ల నుంచి సరస్సు గర్భంలోనూ చుట్టుపక్కల వరి పొలాల్లోనూ చేపల చెరువులు పెద్ద ఎత్తున వెలిశాయి. 1999లో ప్రభుత్వం దీన్ని అభయారణ్యంగా ప్రకటించింది, 2002లో ఇది అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట అభయారణ్యం లోపలి చెరువుల గట్లను తెగ్గొట్టారు. ఇన్ని మలుపులున్న చోట ఎవరైనా రెండు చిత్రాలు తెచ్చి, వాటిలో నీరున్న విస్తీర్ణాన్ని లెక్కించి, పక్కపక్కన పెట్టి చూస్తే, సరస్సు తగ్గిపోలేదనీ పైగా పెరిగిందనీ తేలే అవకాశం ఉంది. గుర్రపుడెక్క, కిక్కిస, తుంగ కప్పేసిన అసలు సరస్సు చిత్రంలో పచ్చని మైదానంలా కనిపిస్తుంది, గట్లు వేసి నింపిన చేపల చెరువేమో స్వచ్ఛమైన నీటిలా కనిపిస్తుంది. అందువల్ల కొల్లేరులో నీటిని కొలవడం, సరస్సును కొలవడం రెండూ ఒకటి కావు. ఈ పద్ధతి మొత్తం ఆ ఒక్క చిక్కును విప్పడానికే.

ముందు ప్రశ్న, తరువాత హద్దు

‘కొల్లేరు ఎంత మారింది?’ అన్నది కొలతకు లొంగే ప్రశ్న కాదు. ‘ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున్న చోట్లను కలిపే గీత) లోపల చేపల చెరువుల కింద ఉన్న విస్తీర్ణం 1990, 2000, 2005, 2010, 2020 సంవత్సరాల్లో ఎంతెంత?’ అన్నది కొలవగలిగిన ప్రశ్న. రెండో రూపంలోకి తెచ్చుకునే దాకా కంప్యూటర్ ముందు కూర్చోవద్దని నా సలహా. ప్రశ్నలోనే ఏ వస్తువు, ఏ హద్దు, ఏ కాలం అన్న మూడూ ఉండాలి.

వీటిలో చాలామంది తేలిగ్గా తీసుకునేది హద్దు. అభయారణ్యం ఐదడుగుల కాంటూరు వరకు, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్లు. రామ్‌సర్ ప్రాంతం పదడుగుల కాంటూరు వరకు, అంటే 901 చదరపు కిలోమీటర్లు. ఒకరు మొదటి హద్దునూ మరొకరు రెండో హద్దునూ తీసుకుని లెక్క చెబితే ఇద్దరి అంకెలూ నిజమే అయినా వాటిని పోల్చడానికి వీల్లేదు. ఇక్కడ ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ఉచితంగా దొరికే ఎస్‌ఆర్‌టీఎం వంటి ఎత్తుల సమాచారంతో కొందరు కాంటూరు గీతను సొంతంగా గీయబోతారు. ఐదడుగులంటే మీటరున్నర మాత్రమే, ఆ సమాచారంలో ఉండే పొరపాటే కొన్ని మీటర్లు. చదునైన డెల్టా నేల మీద అలా గీసిన గీతకు అర్థం ఉండదు. అధికారిక పటంలోని హద్దును తీసుకుని, పటం మీదా చిత్రం మీదా స్పష్టంగా కనిపించే కాలువల కూడళ్లు, వంతెనలు, రైలు మార్గం వంటి స్థిరమైన గుర్తులతో దాన్ని కుదురుగా అమర్చుకోవాలి. ఆ తరువాత ఏ సంవత్సరానికైనా అదే హద్దును వాడాలి.

విస్తీర్ణాలన్నీ భూమిని జోన్లుగా విభజించి మీటర్లలో కొలిచే యూటీఎం అనే పటాల విధానంలోనే లెక్కించాలి. కొల్లేరు 44వ ఉత్తర జోన్‌లో పడుతుంది, క్యూజీఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేర్‌లో దాని సంఖ్య 32644. అక్షాంశ రేఖాంశాల డిగ్రీలలో ఉన్న పటం మీద నేరుగా విస్తీర్ణం లెక్కించడం కొత్తవారిలో తరచుగా కనిపించే దోషం.

ఏ కాలానికి ఏ ఉపగ్రహం

1984లో ఎగిరిన ల్యాండ్‌శాట్ 5 నుంచి నేటి ల్యాండ్‌శాట్ 9 దాకా పిక్సెల్ (చిత్రంలోని ఒక్కో చిన్న గడి) పరిమాణం 30 మీటర్లే కాబట్టి దీర్ఘకాలిక అధ్యయనానికి ఇదే వెన్నెముక. 1970ల చిత్రాలు ఇంతకంటే ముతకగా ఉంటాయి, పైగా నీటిని గుర్తించడంలో ఎంతో ఉపయోగపడే హ్రస్వతరంగ పరారుణ పట్టీ (కంటికి కనిపించని ఒక రకం కాంతిని నమోదు చేసే పొర) వాటిలో లేదు. అందువల్ల వాటిని చెరువులు రాకముందు సరస్సు ఎలా ఉండేదో కంటితో చూడటానికి వాడుకోవాలి, తరువాతి అంకెల పక్కన పెట్టడానికి కాదు. 2015 నుంచి ఐరోపా సెంటినెల్-2 పది మీటర్ల పిక్సెల్‌తో చిత్రాలిస్తోంది, 2017లో రెండో ఉపగ్రహం తోడయ్యాక అవి అయిదు రోజులకోసారి అందుతున్నాయి. మన రిసోర్స్‌శాట్ ఉపగ్రహాల్లోని లిస్-3 అనే కెమెరా చిత్రాలు హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం నడిపే భూనిధి పోర్టల్‌లో లభిస్తాయి, వాటి పిక్సెల్ సుమారు 24 మీటర్లు.

కొల్లేరు చరిత్రకు సంబంధించి రెండు ఖాళీలను ముందే గుర్తుంచుకోవాలి. 2003 మే 31న ల్యాండ్‌శాట్ 7లో ఒక పరికరం చెడిపోవడంతో అప్పటి నుంచి దాని ప్రతి చిత్రంలో చారలు చారలుగా ఐదో వంతుకు పైగా సమాచారం లేకుండా పోయింది. గట్లు తెగ్గొట్టిన 2006 సరిగ్గా ఈ కాలంలోనే పడుతుంది కనుక ఆ ఏడాదికీ దాని ముందు వెనుకలకూ ల్యాండ్‌శాట్ 5 చిత్రాలనే మొదట వెదకాలి. రెండోది 2012. ల్యాండ్‌శాట్ 5 చిత్రణ 2011 నవంబరులో ఆగిపోయింది, ల్యాండ్‌శాట్ 8 వచ్చింది 2013లో. నడుమనున్న ఏడాదికి లిస్-3 చిత్రాలే మేలు, లేకపోతే ఆ ఏడాదిని వదిలేయడం మంచిది. చారల ఖాళీలను పక్క పిక్సెళ్లతో పూడ్చే పనిముట్లు ఉన్నాయి కానీ, విస్తీర్ణం కొలిచే పనిలో లేని సమాచారాన్ని కల్పించుకోవడం నాకు సమ్మతం కాదు.

చిత్రాలను దించుకోకుండానే పని చేసే వీలు గూగుల్ ఎర్త్ ఇంజిన్ కల్పిస్తోంది. పరిశోధన, బోధన అవసరాలకు అది ఉచితం. దానిలో గానీ అమెరికా భూగర్భ సర్వే సంస్థ వారి ఎర్త్‌ఎక్స్‌ప్లోరర్‌లో గానీ ల్యాండ్‌శాట్ ‘కలెక్షన్ 2, లెవెల్ 2’ చిత్రాలను ఎంచుకోండి. వాతావరణంలోని ధూళి, తేమల ప్రభావాన్ని తొలగించి, నేల నుంచి పరావర్తనమైన కాంతినే ఇవి ఇస్తాయి. ఫైలులోని అంకెను 0.0000275తో గుణించి 0.2 తీసివేస్తేనే అసలు విలువ వస్తుంది. ఈ మెట్టును మరచిపోతే నీటినీ పచ్చదనాన్నీ గుర్తించడానికి తరువాత లెక్కించే సూచికలన్నీ పక్కకు జరుగుతాయి, చూడటానికి మాత్రం పటం బాగానే ఉంటుంది కాబట్టి తప్పు బయటపడదు. సెంటినెల్-2కూ ఇలాంటిదే ఒకటుంది. 2022 జనవరి తరువాతి చిత్రాల్లో అంకెలకు వెయ్యి కలిపి ఇస్తున్నారు, కనుక ఎర్త్ ఇంజిన్‌లో పాత కొత్త చిత్రాలను సమం చేసి ఉంచిన ‘హార్మొనైజ్డ్’ సేకరణను తీసుకోవాలి.

ఏ నెల చిత్రం తీసుకోవాలి

డెల్టా వ్యవసాయం తెలియనివారు ఇక్కడే దారి తప్పుతారు. సార్వా (ఖరీఫ్) నాట్లు పడే రోజుల్లో చుట్టుపక్కల వరిమడులన్నీ నీళ్లతో నిండి ఉపగ్రహానికి చెరువుల్లాగే కనిపిస్తాయి. డిసెంబరు, జనవరి నెలల్లో దాళ్వా (రబీ) నాట్లప్పుడు మళ్లీ అదే జరుగుతుంది. ఇక వానాకాలంలో మబ్బులు, వరదనీరు సరేసరి. ఫిబ్రవరి చివరికి దాళ్వా పైరు ఎదిగి మడుల్లోని నీటిని కప్పేస్తుంది, ఆకాశం తేటగా ఉంటుంది, సరస్సు నీరు తగ్గుముఖం పడుతుంది. అందుకని ఒకే చిత్రంతో పని ముగించాల్సి వస్తే ఫిబ్రవరి నడిమి నుంచి మార్చి చివరి దాకా ఉన్న రోజుల్లోనే దాన్ని ఎంచుకోవాలి, అన్ని సంవత్సరాలకూ అదే కాలాన్ని పాటించాలి. 1990కి అక్టోబరు చిత్రాన్నీ 2020కి మే చిత్రాన్నీ తీసుకుంటే బయటపడేది ముప్ఫై ఏళ్ల మార్పు కాదు, ఏడు నెలల తేడా.

ఎండాకాలంలో మరో చిక్కుంది. చేపలు పట్టిన తరువాత చెరువును ఎండగట్టి, అడుగు మట్టిని ఆరనిస్తారు. అలా ఎండిన చెరువు ఏప్రిల్, మే చిత్రాల్లో బీడు నేలగా కనిపిస్తుంది, ఒక్క చిత్రాన్నే నమ్ముకుంటే అది లెక్కలోంచి జారిపోతుంది. ఈ ఇబ్బందికి పరిష్కారం కింద చెప్పబోయే కాలక్రమ పద్ధతిలో ఉంది.

ఎంచుకున్న సంవత్సరం వానల పరంగా ఎలాంటిదో కూడా నమోదు చేసుకోవాలి. వరదొచ్చిన ఏడాదిని కరువు ఏడాదితో పోల్చి మార్పు అనడం న్యాయం కాదు. వీలైతే ప్రతి ఘట్టానికీ మూడేసి సంవత్సరాలు కలిపి చూడాలి.

ఒక చెరువును దగ్గరగా చూస్తే

ముప్ఫై మీటర్ల పిక్సెల్ అంటే నేల మీద తొమ్మిది వందల చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు ఇరవై రెండు సెంట్లు. పది ఎకరాల చేపల చెరువు ఒకటి ఉందనుకుందాం. అది చతురస్రంగా ఉంటే ఒక్కో వైపు రెండు వందల మీటర్లు, అంటే ఏడు పిక్సెళ్లు కూడా పూర్తిగా పట్టవు. నాలుగు అంచుల వెంట ఉన్న పిక్సెళ్లలో కొంత నీరు, కొంత గట్టు, గట్టు మీది చెట్లు కలిసిపోతాయి. వాటిని పక్కన పెడితే పూర్తిగా నీరే ఉన్న పిక్సెళ్లు పాతిక మాత్రమే మిగులుతాయి. అదే సెంటినెల్-2లో అయితే ఆ చెరువు నాలుగు వందల పిక్సెళ్ల మీద పరచుకుని, గట్టు కూడా సన్నని గీతగా తెలుస్తుంది. కాబట్టి అర ఎకరం, ఎకరం చెరువుల గురించి ల్యాండ్‌శాట్‌తో ఏమీ చెప్పబోవద్దు. మీరు కొలిచే అతి చిన్న చెరువు ఎంతో ముందే నిర్ణయించుకోండి. ల్యాండ్‌శాట్‌కు రెండెకరాల లోపు వాటిని వదిలేయడం సబబు.

ఇక సూచికల సంగతి. నీటిని గుర్తించడానికి ఎంఎన్‌డీడబ్ల్యూఐ అనే సూచికను వాడతారు. ఆకుపచ్చ పట్టీ విలువలోంచి హ్రస్వతరంగ పరారుణ పట్టీ విలువను తీసివేసి, వచ్చినదాన్ని ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే అది వస్తుంది. ల్యాండ్‌శాట్ 5, 7లలో ఇవి 2, 5 పట్టీలు, ల్యాండ్‌శాట్ 8, 9లలో 3, 6, సెంటినెల్-2లో 3, 11. పట్టీల సంఖ్యలు ఉపగ్రహాన్ని బట్టి మారతాయన్నది మనసులో ఉంచుకోవాలి. చెరువు నీటికి ఆకుపచ్చ విలువ 0.06, హ్రస్వతరంగ పరారుణ విలువ 0.01 అనుకుంటే సూచిక 0.71 వస్తుంది. గుర్రపుడెక్క పరచుకున్న చోట ఆ విలువలు 0.08, 0.18 అనుకుంటే సూచిక మైనస్ 0.38. కింద నిలువెత్తు నీరున్నా సూచిక దృష్టిలో అది నీరు కాదు. అందుకే దీనికి తోడుగా పచ్చదనాన్ని కొలిచే ఎన్‌డీవీఐని కూడా లెక్కించాలి. సమీప పరారుణ విలువలోంచి ఎరుపు విలువను తీసివేసి వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే ఆ సూచిక దట్టమైన గుర్రపుడెక్క మీద 0.8 దాకా పోతుంది. ఎంఎన్‌డీడబ్ల్యూఐలో నీటికీ నేలకూ మధ్య హద్దుగా చాలామంది సున్నాను వాడతారు. కొల్లేరులో బురదనీరు, పాచి ఎక్కువ కనుక, మీకు కచ్చితంగా తెలిసిన కొన్ని చోట్ల విలువలు చూసి ఆ హద్దును సవరించుకోవడం మంచిది.

మబ్బులను, వాటి నీడలను ముందే తొలగించాలి. ల్యాండ్‌శాట్ చిత్రంతో పాటు వచ్చే నాణ్యత పట్టీలో ఏ పిక్సెల్ మబ్బు, ఏది నీడ అన్నది నమోదై ఉంటుంది. మబ్బు నీడ నల్లగా ఉండి నీటిని పోలి ఉంటుంది కనుక నీటి అధ్యయనంలో మబ్బు కంటే నీడే ఎక్కువ హాని చేస్తుంది.

నీరు ఎన్ని నెలలు నిలిచిందన్నదే గుర్తు

ఒక రోజు చిత్రంలో చేపల చెరువూ, నాట్లేసిన మడీ, సరస్సులోని తేట నీరూ ఒకేలా కనిపించవచ్చు గానీ, ఏడాది పొడవునా వాటి నడక ఒకేలా ఉండదు. వరిమడిలో సూచిక నాట్ల సమయంలో కొద్ది వారాలే నీటిని చూపించి, ఆ తరువాత ఎన్‌డీవీఐ నిలకడగా పెరిగి, కోతతో ఒక్కసారిగా పడిపోతుంది. సరస్సు గర్భంలో వానల తరువాత నీరు పరచుకుని, చలికాలం గడిచేకొద్దీ కలుపు కమ్ముకుంటూ, ఎండాకాలానికి అంచులు ఆరిపోతాయి. చేపల చెరువులో దాదాపు ఏడాదంతా నీరే ఉండి, పట్టుబడి తరువాత మాత్రం ఉన్నట్టుండి ఎండి, మళ్లీ నిండుతుంది. ఈ మూడు నడకలను పక్కపక్కన గీసి చూస్తే ఒక్కసారిలో తేడా తెలిసిపోతుంది.

ఈ నడకను లెక్కలోకి తేవడమే కాలక్రమ పద్ధతి. అందుకోసం ఏడాదిలో ఒక్కో పిక్సెల్‌కు మబ్బు లేకుండా దొరికిన చిత్రాలెన్ని, వాటిలో నీరు కనిపించినవెన్ని అని లెక్కించి నిష్పత్తి తీయాలి. ఆ నిష్పత్తితో పాటు ఎన్‌డీవీఐ గరిష్ఠ విలువ, కనిష్ఠ విలువ, నీరు కనిపించిన నెలలు అన్నవాటిని పొరలుగా పేర్చి, మనం చూపిన నమూనాల నుంచి నేర్చుకుని ఒక్కో పిక్సెల్ ఏ వర్గమో తేల్చే ‘ర్యాండమ్ ఫారెస్ట్’ వంటి వర్గీకరణ పద్ధతికి అందించాలి. వర్గాలను నాలుగైదుకు మించనివ్వవద్దు: తేట నీరు, కలుపు కప్పిన సరస్సు, చేపల చెరువు, వరి, మిగిలిన నేల. ఒక్కో వర్గానికి చాలినన్ని నమూనాలు సరస్సు నలుమూలల నుంచీ తీసుకోవాలి. కైకలూరు వైపు చెరువులతో శిక్షణ ఇచ్చి ఏలూరు వైపు చెరువులను గుర్తించమంటే ఫలితం కుంటుపడుతుంది.

వర్గీకరణ ముగిశాక ఆకారాన్ని కూడా సాక్ష్యంగా తీసుకోండి. ప్రకృతి తిన్నని గీతలు గీయదు. నేరైన అంచులు, లంబకోణాల మూలలు, పక్కనే కాలువ ఉంటే అది చెరువే. యంత్రం తప్పుగా గుర్తించినవాటిని కంటితో చూసి సరిదిద్దడం నామోషీ కాదు, అయితే ఏ నియమంతో సరిదిద్దారో రాసి ఉంచాలి. 1980లు, 1990లలో ఏడాదికి దొరికే చిత్రాలు బాగా తక్కువ కాబట్టి ఆ కాలానికి కాలక్రమ పద్ధతి కంటే ఆకారం చూసి చేత్తో హద్దులు గీయడమే నమ్మదగినది.

వరదల అధ్యయనానికి మాత్రం దారి వేరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పటిలాగా ఆకాశమంతా మబ్బు కమ్మినప్పుడు మామూలు చిత్రాలు పనికిరావు, మబ్బుల్లోంచి చూడగలిగే సెంటినెల్-1 రాడార్ చిత్రాలే దిక్కు. వాటిలో నిశ్చలమైన నీరు నల్లగా కనిపిస్తుంది. గాలికి అలలు లేచినా, పైన కలుపు ఉన్నా ఆ నలుపు చెదిరిపోతుంది.

పటాన్ని పరీక్షకు పెట్టడం

వేర్వేరు సంవత్సరాల రెండు పటాలను ఒకదాని మీద ఒకటి పెట్టి మార్పును తీసేటప్పుడు వాటి పొరపాట్లు కూడా కలిసిపోతాయి. ఒక్కో పటం 85 శాతం కచ్చితమైనదైనా, వాటి తప్పులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, రెండూ ఒకే చోట సరిగా ఉండే అవకాశం 72 శాతమే. చిన్న మార్పును పెద్ద నమ్మకంతో ప్రకటించే ముందు ఈ అంకెను తలచుకోవాలి.

పరీక్షకు బిందువులను యాదృచ్ఛికంగా, వర్గాల వారీగా ఎంచుకోవాలి. శిక్షణకు వాడినవాటిని ఇక్కడ మళ్లీ వాడకూడదు. ఇటీవలి సంవత్సరాలకు గూగుల్ ఎర్త్ ప్రోలోని పాత చిత్రాల జారుడు పట్టీతో ఒక్కో బిందువు దగ్గర నిజంగా ఏముందో చూడవచ్చు. పటం లెక్క ప్రకారం 300 చదరపు కిలోమీటర్లలో చెరువులు 100 అనుకుందాం. చెరువు అని గుర్తించిన బిందువుల్లో 88 శాతమే నిజమైన చెరువులనీ, చెరువు కాదన్నవాటిలో 5 శాతం నిజానికి చెరువులేననీ తేలితే, సవరించిన విస్తీర్ణం 88కి 10 కలిపి 98 చదరపు కిలోమీటర్లు. ప్రకటించవలసింది ఈ సవరించిన అంకెను, దానితో పాటు ఎంత అటూ ఇటూ ఉండవచ్చో కూడా. పిక్సెళ్లను ఎంచి వచ్చినదాన్ని అలాగే ప్రకటించడం శాస్త్రీయం కాదు.

వీలైతే ఆ ఊళ్లకు వెళ్లండి. ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు తప్పు చూపుతుంది కాబట్టి, చుట్టూ కనీసం నలభై అయిదు మీటర్ల దాకా ఒకే రకమైన నేల ఉన్న చోటనే బిందువును నమోదు చేసుకోవాలి. చెరువు ఎప్పుడు తవ్వారు, అంతకు ముందు వరి ఉండేదా కిక్కిస ఉండేదా, ఏ నెలలో ఎండగడతారు అన్న ప్రశ్నలకు లంక గ్రామాల్లోని పెద్దలు ఇచ్చే జవాబులు ఏ ఉపగ్రహమూ ఇవ్వలేదు. మీరెందుకు అడుగుతున్నారో వారికి ముందే చెప్పండి. గట్లు తెగ్గొట్టిన రోజులను చూసినవారికి కొలత అంటే భయం ఉండటం సహజం.

అదే కారణం చేత ఫలితాన్ని రాసేటప్పుడు కూడా నిగ్రహం అవసరం. ఫలానా చోట 2005లో చెరువు ఉంది, 2008లో లేదు, 2020లో మళ్లీ ఉంది అని చిత్రం చెప్పగలదు. ఆ నేల ఎవరిదో, జిరాయితీదో ప్రభుత్వానిదో, తవ్వకం చట్టబద్ధమో కాదో చిత్రం చెప్పలేదు. మీ పటం మీద ‘ఆక్రమణ’ అనే మాట రాయవద్దు, ‘చేపల చెరువు’ అని రాయండి. పటం కింద వాడిన ఉపగ్రహం, చిత్రాల తేదీలు, హద్దుగా తీసుకున్న కాంటూరు, లెక్కించిన అతి చిన్న చెరువు పరిమాణం, సవరించిన విస్తీర్ణం, దాని అనిశ్చితి తప్పనిసరిగా పేర్కొనండి. వాడిన ప్రోగ్రామును, నమూనా బిందువుల ఫైలును కూడా అందరికీ అందుబాటులో ఉంచితే అయిదేళ్ల తరువాత మరొకరు అదే హద్దులో, అదే నెలల్లో, అదే నియమాలతో కొలిచి మీ వరుసను కొనసాగించగలుగుతారు.